పాత రూపు మోటారు సైకిళ్లు: ఒక ఔచిత్య విచారము

విమర్శ యనునది కావ్యములకును నాటకములకును మాత్రమే చెల్లునని కొందరి అభిప్రాయము. మనుష్యుడు తన చేతితో చేసి పదిమంది కన్నుల యెదుట నిలిపిన ప్రతి వస్తువును విమర్శకు లోబడినదే యని మేము తలచుచున్నాము. కుండ, చీర, గోపురము, బండి, ఇవి యన్నియు ఒక బుద్ధి నుండి పుట్టి ఒక అవసరమును తీర్చును. ఆ బుద్ధి యెట్టిది, ఆ అవసరము తీరినదా యని అడుగుటయే విమర్శ. ఈ న్యాయము ననుసరించియే, ఇప్పుడు మన పట్టణములలో యువకులు ఇంటి షెడ్లలో తయారు చేయుచున్న పాత రూపు మోటారు సైకిళ్లను గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

ఈ విషయము సంఘ సంచికకు తగునా యని పెద్దలు సందేహింపవచ్చును. కాని బెంగుళూరు, మైసూరు, మదరాసు ప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబములలో, తండ్రి గాని తాత గాని నడపిన బుల్లెట్టో జావాయో ఒకటి వసారాలో గోనెపట్టా క్రింద నిలిచియుండుట అరుదు కాదు. దానిని అమ్మివేయుటయా, ఉన్నదున్నట్లు బాగుచేయుటయా, కోసి కొత్త వేషము వేయుటయా? ఈ ప్రశ్న ఇండ్లలో తండ్రి కొడుకుల నడుమ వాదమునకు వచ్చుచున్నది. కావున దీనిని గూర్చి ఆలోచించుట వ్యర్థము కాదు.

మొదట పేర్లను విడదీయుట అవసరము. పాత బండిని కర్మాగారము నుండి వెలువడిన నాటి స్థితికి తెచ్చుట జీర్ణోద్ధారము. కొత్త బండికి పాత బండి పోలిక తెచ్చుట అనుకరణము. ఒక బండిని ఆధారముగా గైకొని, విప్పి, కోసి, అతికి, తన అభిరుచికి తగినట్లు వేరొక బండిగా మార్చుట రూపాంతరము. ఈ మూడింటికిని లక్ష్యములు వేరు. కనుక కొలతలు కూడ వేరు. జీర్ణోద్ధారము చేసినవానిని నీ కల్పన యేదియని అడుగరాదు. రూపాంతరము చేసినవానిని ఇది అసలు బండివలె లేదేమని అడుగరాదు. ఇక్కడ ప్రధానముగా మూడవదానిని గూర్చియే మేము విచారించుచున్నాము.

రూపాంతరము చేసినవానిని అడుగదగిన ప్రశ్న ఒక్కటే: ఈ రూపము ఏల? మన ఆలంకారికులలో క్షేమేంద్రుడు ఔచిత్యమును కావ్యమునకు ప్రాణముగా విచారించెను. పెండ్లి బాసికము ఎంత అందమైనదైనను దానిని కట్టుకొని పొలము పనికి పోవువాడు లేడు. అందము స్థానమును బట్టియు పనిని బట్టియు ఉండును. ఈ సూత్రము పద్యమునకు ఎంత వర్తించునో బండికిని అంత వర్తించును.

ఇప్పుడు యువకులు మెచ్చుచున్న రూపములు ఎట్లు పుట్టినవో చూతము. కేఫ్ రేసరు అను రూపము ఇంగ్లండులో 1950, 1960 దశకములలో ప్రబలినది. లండను నగరపు ఉత్తర వలయ రహదారిపై 1938లో వెలసి, 1969లో మూతపడి, 2001లో మరల తెరువబడిన ఏస్ కేఫ్ ఆ యువకులు గుమిగూడిన చోటులలో ప్రసిద్ధమైనది. పాటల పెట్టెలో ఒక పాట మొదలైనప్పుడు బయలుదేరి, అది ముగియులోపల తిరిగి వచ్చుటకు పందెము వేసికొనెడివారని చెప్పుకొందురు. గంటకు నూరు మైళ్లు అందుకొనుట వారి పంతము. ఆ వేగమున గాలి రొమ్మును తన్నును. కనుక వారు హాండిలును క్రిందికి దించిరి, కాలిమెట్లను వెనుకకు జరిపిరి, టాంకుపై వాలి కూర్చుండిరి. బరువు తగ్గింపవలెను గనుక వెనుక కూర్చుండువాని సీటును తీసివేసిరి.

నార్టన్ సంస్థ 1950లో ఫెదర్‌బెడ్ అను ఫ్రేమును పందెములలో దింపెను. మలుపులలో దాని స్థిరత్వము చూచి జనులు ఆశ్చర్యపడిరి. ట్రయంఫ్ వారి జంట సిలిండరుల ఇంజను చురుకైనదని పేరు. ఒకరి శరీరమును మరియొకరి గుండెను కలిపి యువకులు ట్రైటన్ అను బండిని చేసిరి. పేరు కూడ రెండు పేర్ల సంధియే. అమెరికాలో బరువు తగ్గించుటకై మడ్‌గార్డులను కురచగా కత్తిరింపగా బాబర్ అను రూపము పుట్టినది. రాళ్లలోను నీటిలోను నడపవలసి వచ్చి పొగగొట్టమును పైకెత్తగా స్క్రాంబ్లరు పుట్టినది. వీనిలో ఒక్కటియు సింగారము కొరకు పుట్టలేదు. అవసరము ముందు; అందము దాని వెంట వచ్చినది.

మన దేశమున ఈ పనికి సాధారణముగా ఆధారమగుచున్నది బుల్లెట్టు. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 1955లో మదరాసు మోటార్స్ వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించెను. తిరువొత్తియూరులో బండ్లు తయారగుట మొదలయ్యెను. రెడిచ్ కర్మాగారము 1967లో మూతపడినను బుల్లెట్టు మాత్రము మదరాసులో ఆగలేదు. పుట్టినింట ఆరిన దీపము మెట్టినింట వెలిగినది. వలస వచ్చి నిలదొక్కుకొన్న కుటుంబములకు ఈ కథలోని రుచి తెలియును.

పాత బుల్లెట్టు ఇంజనులో సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు; గుణించి చూచిన 346 సి.సి. వచ్చును. వ్యాసము కంటె నడక ఎక్కువ గనుకను, లోపలి చక్రములు బరువైనవి గనుకను, ఆ ఇంజను తొందరపడదు. నిదానముగా, గట్టిగా లాగును. దానిని కదలించుటకు ఆమ్మీటరు ముల్లును చూచి, డీకంప్రెషను మీట నొక్కి, పిస్టనును తగిన స్థానమునకు తెచ్చి, ఆ పిమ్మట కిక్కు కొట్టవలెను. మైసూరులో ఐడియల్ జావా సంస్థ 1961 నుండి 1996 వరకు చేసిన బండ్ల స్వభావము వేరు. అవి రెండు స్ట్రోకుల బండ్లు. వానిలో కిక్కు కడ్డీయే ముందునకు మడచిన గేరు కడ్డీ యగును. ప్రతి యంత్రమునకును ఒక స్వభావము కలదు. రూపాంతరము చేయువాడు మొట్టమొదట దానిని తెలిసికొనవలెను.

ఇక షెడ్డులోని పనిని గూర్చి చెప్పుదుము. బండిని విప్పుట ఒక దినపు పని. మరల కూర్చుట ఒక ఏటి పని. విప్పిన ప్రతి బోల్టును డబ్బాలో వేసి, ఏ భాగమునకు చెందినదో చీటీ అంటింపవలెను. ముప్పది యేండ్లు దస్త్రములు కట్టి చీటీలు వ్రాసిన గుమాస్తాలము గనుక, యువకుల పనిలో ఈ క్రమశిక్షణ మాకు విశేషముగా నచ్చినది. టాంకు లోపలి తుప్పు కడుగవలెను. అరిగిన సిలిండరును లేతు పనివానికి ఇచ్చి బోరు చేయించి, దానికి తగిన పిస్టను వెదకవలెను. చక్రమునకు స్పోకులు అల్లి, ఒక్కొక్కదానిని బిగించుచు వదలించుచు, రిమ్ము వంకర లేకుండ తిరుగునట్లు చేయవలెను. దొరకని భాగమునకై బెంగుళూరులో జె.సి. రోడ్డును, మదరాసులో పుదుపేటను గాలింపవలెను. కొన్న వస్తువును చూపి గొప్పపడు ఈ కాలములో, ఒక యువకుడు చేతులకు గ్రీజు పూసికొని ఏడాది పాటు ఓపికతో కూర్చుండుట మేలు గాక మరేమి? షోలాపురములో స్థిరపడిన మన పద్మశాలీల ఇండ్లలో మగ్గము ఉన్న గదియే బడియైన రోజులు కలవు. ఇంటిలో పని జరుగుచుండగా పిల్లలు చూచి నేర్చుకొందురు. షెడ్డునకు కూడ ఆ గుణము కలదు.

పని మెచ్చదగినదైనంత మాత్రమున ఫలము మెచ్చదగినది కానక్కరలేదు. మేము చూచిన రెండు బండ్లను పోల్చి చెప్పుదుము. చేసినవారి పేర్లు అనవసరము.

మొదటి బండి బుల్లెట్టే. చేసిన యువకుడు ఫ్రేమును ఎక్కడను కోయలేదు. పొడవైన సీటును తీసి, ఉన్న రంధ్రములకే బోల్టులు బిగించి ఒంటి సీటు అమర్చెను. హాండిలును కొద్దిగా దించెను. దానికి తగినట్లు కాలిమెట్లను వెనుకకు జరిపెను. ఈ రెండవ పని చాలమంది మరచుదురు. హాండిలు మాత్రమే దించినచో నడుము వంగి, బరువంతయు మణికట్టులపై పడి, పది మైళ్లకే చేతులు తిమ్మిరెక్కును. సైలెన్సరును అట్లే యుంచెను. మడ్‌గార్డులను సన్నగించెను గాని తీసివేయలేదు. టాంకునకు ముదురు ఆకుపచ్చ రంగు వేసి, చేతితో సన్నని బంగారు గీతలు గీయించెను. బుల్లెట్టు టాంకుపై గీతలను చేతితో గీయుట మదరాసు కర్మాగారపు సంప్రదాయమే గనుక ఆ అలంకారము బండి వంశమునకు తగియున్నది. తీసిన భాగములన్నియు అటకపై పెట్టెలో భద్రముగా నున్నవి. తలచుకొన్న నాడు బండి తన పూర్వరూపమునకు పోగలదు.

రెండవ బండి చూపునకు మొదటిదాని కంటె ఆకర్షకమైనది. జనులు దానిచుట్టు గుమిగూడిరి. కాని విచారించి చూడగా ఒక్కొక్క దోషము బయటపడెను. అసలు 19 అంగుళముల సన్నని చక్రములు తీసి, వెనుక లావైన టైరు వేసిరి. దానివలన మలుపులో బండి మొండికెత్తును, చెయిను టైరును రాయకుండ చూచుకొనవలెను. వెనుక మడ్‌గార్డు లేదు. వాన వచ్చిన బురద గీత నడపువాని వీపునకు ఎక్కును. పొగగొట్టమునకు గుడ్డపట్టీ చుట్టిరి. పందెపు బండ్లలో వేడిని లోపల నిలుపుటకు పుట్టిన ఉపాయమది; ఇక్కడ తడిని పట్టి ఉంచి గొట్టమును తుప్పు పట్టించును. సైలెన్సరును జానెడు గొట్టముగా కురచ చేసిరి గాని, దానికి తగినట్లు కార్బురేటరు జెట్టును మార్చలేదు. పెట్రోలు పాలు తగ్గి ఇంజను వేడెక్కును. ఆ చప్పుడుకు వీథిలోని పసిబిడ్డలును వృద్ధులును ఉలికిపడుదురు. ఇతరుల నిద్రను చెరచి తన ఉనికిని చాటుకొను అలంకారమునకు రసము ఎక్కడిది?

వీనికంటె పెద్ద దోషములు రెండు కలవు. ఒకటి, టాంకుపై ఉప్పునీరును పులుపును పూసి కృత్రిమముగా తుప్పు పుట్టించి, అది వృద్ధాప్యపు శోభయని చూపుట. వయస్సు అనుభవించి సంపాదించునది, పూసికొనునది కాదు. ముత్తవ పెట్టెలోని పట్టుచీర వెలిసిపోయినచో దానియందు గౌరవము కలుగును. కొత్త చీరను ఎండలో వేసి వెలియించి ముత్తవదని చెప్పిన నవ్వు వచ్చును. రెండవది, చదునైన సీటు కొరకు ఫ్రేము వెనుకభాగమును కోసి, వేరొక గొట్టమును వంచి అతుకుట. పాత బుల్లెట్టులో ఇంజను క్రిందుగా పోవు గొట్టము లేదు. ఇంజనే ఆ ఖాళీని పూరించి ఫ్రేములో ఒక అంగమగును. అట్టి కట్టడములో ఒకచోట కోసిన బరువు ఎటు పోవునో లెక్క తెలిసినవాడే చెప్పగలడు. అతుకు విడిపోవు దినము ముందుగా చీటీ పంపదు.

దీనికి యువకుల ప్రత్యుత్తరము కలదు. దానిని విననిచో మా విమర్శ ఏకపక్షమగును. ట్రైటన్ చేసినవారు మాత్రము మంచి నార్టన్లను విప్పలేదా, కోయలేదా? వారిని మెచ్చి మమ్ము నిందించుట న్యాయమా? ఈ ప్రశ్న బలమైనదే. మా సమాధానము రెండు విధములు. వారి కాలములో ఆ బండ్లు వీథి వీథిన నడుచుచున్న మామూలు బండ్లు. ఈనాడు పాత పోత యినుప ఇంజను బండి ఒకటి కోసినచో మిగిలినవానిలో ఒకటి తగ్గును. అంతకంటె ముఖ్యము, వారికి నూరు మైళ్ల వేగమను ప్రయోజనము ఉండెను. సిల్కు బోర్డు కూడలిలో బారులు తీరిన వాహనముల నడుమ అంగుళ మంగుళము జరుగువానికి పందెపు హాండిలు ఏ ప్రయోజనమును సాధించును?

ప్రయోజనము ముందుండిన ఇంటి పని ఎంత దూరము పోవునో చూపుటకు న్యూజిలాండు దేశపు బర్ట్ మన్రో చాలును. ఇన్వర్‌కార్గిల్ పట్టణములో ఒక చిన్న షెడ్డు ఆయన కార్యశాల. 1920 నాటి ఇండియన్ స్కౌట్ అను అమెరికా బండి ఆయనది. ఆ పేరులోని ఇండియన్ మనవాడు కాడు, అమెరికా ఆదివాసి. 600 సి.సి. గల ఆ బండి మొదట గంటకు 55 మైళ్లు పోయెడిది. ఆయన దశాబ్దముల పాటు దానిని మార్చెను. పిస్టనులను డబ్బాలలో పోత పోసికొనెను, విరిగిన భాగములను వేగదేవతకు నైవేద్యమని పేరిడి అలమరలో దాచెను. 1967లో, 68వ యేట, అమెరికాలోని బోన్‌విల్ ఉప్పుమైదానమున వేయి సి.సి. లోపు తరగతిలో రికార్డు స్థాపించెను. అప్పుడు వ్రాసికొన్న వేగము 183.586 మైళ్లు, లెక్కలో పొరపాటు కలదని తేలి 2014లో దానిని 184.087గా, అనగా సుమారు 296 కిలోమీటర్లుగా సవరించిరి.

ఈ కథను రోజర్ డొనాల్డ్‌సన్ 2005లో చలనచిత్రముగా తీసెను. ఆంథొనీ హాప్‌కిన్స్ మన్రోగా నటించెను. నటన హృద్యముగా నున్నది. అయినను చిత్రము ఆయన ప్రయాణములోని వింత మనుష్యులపై చూపిన శ్రద్ధను షెడ్డులోని దీర్ఘశ్రమపై చూపలేదనియే మా అభిప్రాయము. పలుమార్లు చేసిన యాత్రలను ఒక్క యాత్రగా కుదించుటచే, విజయము పట్టుదలకు గాక అదృష్టమునకు దక్కినట్లు కొంత తోచును. పగిలిన పిస్టనుల వరుస నుండియే ఆ వేగము పుట్టినది. మన యువకులు చిత్రమును చూచినప్పుడు నైవేద్యపు అలమరను ఎక్కువసేపు చూడవలెనని కోరుదుము.

అనుకరణమును గూర్చియు ఒక మాట. ఇప్పుడు కర్మాగారములే పాత రూపు బండ్లను చేయుచున్నవి. ట్రయంఫ్ సంస్థ బోన్‌విల్ పేరును 2001లో పునరుద్ధరించెను. పిమ్మట పెట్రోలును సూదిమొనతో చిమ్ము ఏర్పాటు వచ్చినప్పుడు, దాని పైకప్పును పాత కార్బురేటరు ఆకారములో పోత పోసెను. రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థయు 1965 నాటి కాంటినెంటల్ జి.టి. పేరును 2013లో మరల వాడెను. కార్బురేటరు వేషము వేసిన యంత్రము మాకు కొంచెము నవ్వు తెప్పించినను, దానిలో మోసము లేదు. బ్రేకులు పట్టును, బండి నడచును, కొన్నవానికి నిజము తెలియును. పాత బండిని చంపకుండ పాత రూపమును అనుభవింప గోరువానికి అది మంచి మార్గమే.

చట్టము మాట కూడ విస్మరింపరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. సర్వోన్నత న్యాయస్థానము 2019 జనవరిలో దానిని స్పష్టముగా వ్యాఖ్యానించెను. మరియు 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రాచీన వాహనములకు ప్రత్యేక నిబంధనలు చేసెను. మొదటి రిజిస్ట్రేషను నుండి ఏబది యేండ్లు దాటి, మూలరూపములోనే నిలిచి, ఛాసిస్ గాని ఇంజను గాని మారని రెండు చక్రముల బండ్లకు కూడ ఆ గౌరవము లభించును. అట్టి బండిని నిత్యము నడుపరాదు. ప్రదర్శనలకును ఊరేగింపులకును తీసికొని పోవచ్చును. తాత బండిని నేడు రంపముతో కోసిన మనుమడు, ఆ బండికి రాదగిన గౌరవమును కూడ కోసివేయుచున్నాడు. అతికించి తిరిగి తేగల వస్తువు కాదది.

మన సంఘముల యెదుట నున్న భాషాప్రశ్నయు ఇట్టిదే యని మాకు తోచును. తరముల క్రిందట ఇక్కడకు వచ్చిన పెద్దలు తమ పల్కును వెంట తెచ్చిరి. బెంగుళూరు, హోసూరు వైపు మన ఇండ్లలో ఇప్పటికిని ‘వస్తా ఉండాను’ అనియే పల్కుదురు. దానిని మోటుదని కోసివేసి, టెలివిజను తెలుగును పైపూతగా పూసికొనువారు కొందరు. అది చెడిపోవునను భయముతో పిల్లల నోట పడనీయక, సభలలో మాత్రము ప్రదర్శించువారు మరికొందరు. మొదటివారు ఫ్రేము కోసినవారు. రెండవవారు బండిని గోనెపట్టా క్రింద నుంచి పెట్రోలు పోయనివారు. కన్నడపు మాట యొకటి, తమిళపు మాట యొకటి చేరినంత మాత్రమున పలుకు పాడుకాదు. అరిగిన చోట కొత్త భాగము వేయుట మరమ్మతే. రోజూ నడుచుచుండుట ముఖ్యము.

కావున యువకులకు మా మనవి మూడు మాటలు. ఏబది యేండ్లు దాటిన బండిని గాని, దాటబోవు బండిని గాని కోయవలదు. దానిని ఉన్నదున్నట్లు బాగుచేసి నడిపింపుడు. కల్పన చేయ గోరినచో బోల్టులతో బిగించి, బోల్టులతో తీయగల మార్పులు చేసి, తీసిన భాగములను చీటీలు అంటించి దాచుడు. ప్రతి మార్పునకు ముందు ఇది ఏ పనికి వచ్చునని అడుగుడు. జవాబు రానిచో స్పానరును క్రింద పెట్టుడు. పెద్దలకు మనవి ఒక్కటియే. షెడ్డులోని చప్పుడును చూచి విసుగుకొనక, ఒక సాయంకాలము పోయి ముక్కాలిపీట వేసికొని కూర్చుండుడు. ఆ బండిని మీ తండ్రి ఏ గుత్తకు కొనెనో, ఏ ఘాటు రోడ్డున ఎట్లు ఆగిపోయెనో, ఎవరు సాయపడిరో చెప్పుడు. ఏ భాగమును ఉంచవలెనో ఏది మార్పవచ్చునో నిర్ణయించుటకు పిల్లవానికి ఆ సంగతులు కూడ కావలెను.